నా ఫైల్లో నాది కాని జబ్బు

ఆసుపత్రి వాళ్ళ ఉత్తరం మంగళవారం వచ్చింది. మొదటి వాక్యంలో "మీ ఆరోగ్య సమాచార భద్రతకు మేము అత్యంత ప్రాధాన్యం ఇస్తాము" అని ఉంది. రెండో వాక్యంలో, ఆ సమాచారాన్ని దొంగలు ఎత్తుకుపోయారని ఉంది. ఇంత సూటిగా రాయలేదు లెండి. "అనధికారిక వ్యక్తులకు అందుబాటులోకి వచ్చి ఉండవచ్చు" అని రాశారు. నేను ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్నాను. ఏ రోజైనా ఒకరి ప్రహరీ గోడ కూల్చేసి, "మీ గోడ నా బంపరుకు అందుబాటులోకి వచ్చి ఉండవచ్చు" అంటే నన్ను ఊరికే వదిలేస్తారా?

పైగా ఆ ఉత్తరం ఒకరోజు ఆలస్యం. సోమవారమే నా బస్సు తాళం తీసేసుకున్నారు.

మా స్కూల్లో బస్సుల పెత్తనమంతా ఒకాయనది. ఎప్పుడూ గేటు దగ్గర వాచీ చూసుకుంటూ నిలబడతాడు కాబట్టి మేమంతా ఆయన్ని గడియారం అంటాం. సోమవారం సాయంత్రం ట్రిప్పుకి బండి తీయబోతుంటే గదిలోకి పిలిచి "కూర్చోండి" అన్నాడు. ఆ గదిలో డ్రైవర్ని కూర్చోమనడం నేనెప్పుడూ వినలేదు.

ఫోను నా వైపు తిప్పాడు. తల్లిదండ్రుల గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. దొంగలు ఆసుపత్రిలోంచి లాగిన జాబితాని ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పడేశారట. ఎవరో పనిగట్టుకుని అందులో స్కూలు వాళ్ళ పేర్లన్నీ వెతికారట. నా పేరు, వయసు, ఇంటి చిరునామా, పక్కన "మూర్ఛ వ్యాధి, తొమ్మిదేళ్ళుగా మందులు" అని ఉంది. దాని కింద నలభై మంది నలభై రకాలుగా రాశారు.

"నాకు ఫిట్సేమిటండీ? నాకు జన్మలో కళ్ళు కూడా తిరగలేదు" అన్నాను.

"నేను నమ్ముతానండి. కానీ ఆసుపత్రి రికార్డు కదా" అన్నాడు గడియారం. "వచ్చే శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. మీకు ఫిట్స్ లేవని కాగితం తెచ్చుకోండి. తేకపోతే మిమ్మల్ని తీసెయ్యాలి, లైసెన్సు ఆఫీసుకీ రాయాలి. నా చేతుల్లో లేదు."

ఆ తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. నా కూతురు ఆ బస్సెక్కే రోజుల్లో ఇలాంటి మాట వింటే నేను అంతకన్నా పెద్ద గొడవ చేసేవాణ్ణి. కానీ తాళం బల్ల మీద పెట్టి బయటికొస్తుంటే, నా బస్సుని ఇంకొకడు గేరు గరగరమనిపిస్తూ తీసుకుపోయాడు. అది మాత్రం తట్టుకోలేకపోయాను.

బుధవారం నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తలకి వైర్లు అంటించి, కళ్ళు మూయమని, తెరవమని, దీపం మిణుకుమిణుకుమనిపించి పరీక్ష చేశారు. అంతా బాగానే ఉందన్నాడు. సంతకం పెట్టమన్నాను.

"మందులు వేసుకుంటున్నవాళ్ళకి కూడా పరీక్ష ఇలా బాగానే రావచ్చు. రికార్డులో తొమ్మిదేళ్ళ మందులున్నాయి కదా. దాన్ని సరిచేయించుకు రండి, అప్పుడు సంతకం పెడతాను" అన్నాడు.

"ఆ మందులు నేను వేసుకోలేదండీ."

"రికార్డులో ఉన్నాయి" అన్నాడు. మనిషి ఎదురుగా కూర్చుని చెబుతుంటే కాగితాన్ని నమ్మే చదువు ఎక్కడ చెబుతారో నాకు తెలియదు.

సరే, రికార్డు సరిచేయిద్దామని ఉత్తరంలో ఉన్న హెల్ప్‌లైనుకి ఫోను చేశాను. ముప్పావు గంట వాయిద్యం వినిపించాక ఒకమ్మాయి వచ్చింది. నేను నేనేనని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేస్తానంది. "చివరిసారి ఏ సమస్యతో మా ఆసుపత్రికి వచ్చారు?"

"జ్వరం" అన్నాను.

"క్షమించండి, సరిపోవడం లేదు. మీరు మీరేనని నిర్ధారించలేకపోతున్నాము."

"దొంగల్ని ఏ ప్రశ్న వేసి లోపలికి రానిచ్చారమ్మా?" అని అడిగాను. ఫోను పెట్టేసింది.

చేసేది లేక గురువారం ఆసుపత్రి రికార్డుల కౌంటరుకి వెళ్ళి, రెండు గంటలు నిలబడి, నా ఫైలు మొత్తం అచ్చు వేయించుకున్నాను. పద్నాలుగు పేజీలొచ్చాయి. అక్కడే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాను. నాకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయట. థైరాయిడ్ ఉందట. ఎనిమిదేళ్ళ వయసులో, అంటే ఏడేళ్ళ క్రితం, గవదబిళ్ళలు వచ్చి తగ్గాయట. గర్భసంచికి స్కాను చేశారట, దాన్ని తీసేయించుకుంటే మంచిదని సలహా ఇచ్చారట. చివర్న మూర్ఛ.

కౌంటరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి, "నాకు గర్భసంచి ఉందని రాశారేమిటి?" అని అడిగాను. అక్కడి గుమాస్తా కంప్యూటరు చూసి, "సిస్టమ్ తీసుకుంది సార్" అన్నాడు. దాని మీద ఇక మాట లేదన్నట్టు.

ఇది ఎలా జరిగిందో అప్పుడే అర్థమైంది. తప్పు సిస్టమ్‌ది ఎంతో, మా ఇంటిదీ అంతే. ఆసుపత్రికి ఎవరు వెళ్ళినా వరసలో నిలబడేది మా ఆవిడ. ఆవిడకి నోటికొచ్చిన ఫైలు నంబరు ఒక్కటే, నాది. నాలుగు సున్నా ఏడు ఏడు ఒకటి తొమ్మిది. ఎక్కం చెప్పినట్టు చెబుతుంది. కొత్త ఫైలు తెరవాలంటే ఇంకో కౌంటరు, ఇంకో వరస, ఇంకో పూట. అందుకని మా అత్తయ్య మోకాలైనా, పిల్ల జ్వరమైనా ఆ నంబరే చెప్పేది. లోపల నా పేరు పిలిస్తే మా అత్తయ్య లేచి వెళ్ళేది. వాళ్ళెవరూ తలెత్తి చూసినట్టు లేరు. ఇన్నేళ్ళూ మేము దీన్ని తెలివనుకున్నాం.

ఆ పద్నాలుగు పేజీలూ పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్ళాను. ఆ అమ్మాయి చిన్నప్పుడు నా బస్సులోనే స్కూలుకి వెళ్ళేది. కిటికీ పక్క సీటు దొరక్కపోతే వాంతి చేసుకునేది, అందుకని కిటికీ పాప అని పేరు పెట్టాం. ఇప్పుడు ఒక జిరాక్సు షాపు మీద గదిలో ప్రాక్టీసు పెట్టింది. ఆ గదిలోనూ కుర్చీ కిటికీ పక్కనే వేసుకుంది.

"డ్రైవరంకుల్, మీరు ముందు ఇది చెప్పండి. ఎక్కడైనా సంతకం పెట్టారా?"

జేబులోంచి ఆసుపత్రి ఉత్తరం రెండో పేజీ తీశాను. నా సమాచారాన్ని ఎవరైనా వాడుకుంటున్నారేమో ఏడాదిపాటు ఉచితంగా కనిపెట్టి చూస్తామని, అందుకు ఒప్పుకుంటే సంతకం పెట్టి పంపమని ఉంది. ఉచితం కదా అని పెట్టేశాను. కవరు దొరక్క పంపలేదు.

ఆ అమ్మాయి దాన్ని కిటికీ వెలుతురులోకి పట్టుకుని అడుగున చీమ తలకాయంత అక్షరాలు చదివింది. "ఈ సేవ పుచ్చుకుంటే ఇక ఆసుపత్రి మీద ఏ ఫిర్యాదూ చెయ్యనని మీరు ఒప్పుకున్నట్టు. మీ ఇంట్లో కవర్లు లేకపోవడం మంచిదైంది" అంది. చింపబోయాను. "చింపకండి. మీ చేత ఏం రాయించుకోబోయారో చూపించడానికి ఇదే సాక్ష్యం. ఉత్తరం, గ్రూపులో పెట్టిన ఫొటో, తాళం తీసుకున్న తేదీ, అన్నీ దాచండి."

తర్వాత ఏమేం చెయ్యొచ్చో చెప్పింది. ఆసుపత్రికి నోటీసు ఇవ్వొచ్చు. ఏమేం పోయాయో, ఎప్పుడు తెలిసిందో, తెలిసీ ఎందుకు ఆలస్యంగా చెప్పారో వాళ్ళు రాతపూర్వకంగా జవాబివ్వాలి. సమాచార రక్షణ ఆఫీసు అని ఒకటుంది, అక్కడ ఫిర్యాదు చేస్తే వాళ్ళు విచారిస్తారు, ఆసుపత్రికి జరిమానా కూడా వేస్తారు. జరిగిన నష్టానికి పరిహారం కోరుతూ దావా వేయొచ్చు, ఒక్కరే వేయొచ్చు, జాబితాలో ఉన్నవాళ్ళందరూ కలిసీ వేయొచ్చు. అలా కొందరు అప్పుడే కూడుతున్నారట.

"ఇవన్నీ ఎప్పటికి తేలతాయమ్మా?"

"ఏడాది, రెండేళ్ళు. దావా అయితే ఇంకా ఎక్కువ."

"నాకున్నది వారం."

"స్కూలు మీదా అడగొచ్చు. దొంగిలించిన కాగితం చూసి పనిలోంచి ఆపడం తప్పే. కానీ పిల్లల బస్సు కదా అంకుల్, కొత్తగా డాక్టరు కాగితం తెమ్మంటే ఏ జడ్జీ కాదనడు. శుక్రవారానికి పనికొచ్చేది ఒక్కటే, రికార్డు దిద్దించడం. తప్పు ఉంటే దిద్దమని అడగడం మీ హక్కు. కాకపోతే ఒక మెలిక ఉంది." పేజీలు తిరగేసి ఆగింది. "ఇది మీది కాదని చెబితే సరిపోదు. ఎవరిదో ఆ మనిషి వచ్చి నాదే అని సంతకం పెట్టాలి. లేకపోతే వాళ్ళు దిద్దరు."

"అంటే, దొంగలు బయటపెట్టిన గుట్టు గురించి మొరపెట్టుకోవాలంటే ఆ గుట్టుని మనమే ఇంకోసారి బయటపెట్టాలన్నమాట."

"అంతే. ఆసుపత్రి లాయరు ఇంకోటి కూడా అంటాడు. కాగితం ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకి జబ్బు లేదు, జబ్బు ఎవరికి ఉందో వాళ్ళ పేరు మీద కాగితం లేదు, కాబట్టి నష్టపోయిన వాళ్ళే లేరు అంటాడు." నవ్వబోయి నా మొహం చూసి మానేసింది. "ఇంతకీ ఎవరిది అంకుల్?"

ఎవరిదో నాకూ తెలియదు. ఆ ఒక్కటీ గుమాస్తా తప్పనే అనుకుంటున్నాను అప్పటికీ.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద పద్నాలుగు పేజీలూ పరిచి, పెన్సిలు పట్టుకుని హాజరు వేశాను. మోకాళ్ళు అన్నాను. "నావే" అంది మా అత్తయ్య, బహుమతి అందుకున్నట్టు. గర్భసంచి అన్నాను. "నాదే, తీసేస్తానన్నాడు, నేను తియ్యనిస్తానా" అంది. గవదబిళ్ళలు అంటే మా పదిహేనేళ్ళ పిల్ల చెయ్యెత్తింది. థైరాయిడ్ మా ఆవిడది.

"మూర్ఛ" అన్నాను.

ప్రతిదానికీ ముందు నోరెత్తే మా అత్తయ్య గరిటె వైపు చూస్తోంది. కాసేపాగి, "నాదే, రాసుకో" అంది.

"మీకెప్పుడొచ్చింది అత్తయ్యా?"

"ఎప్పుడొస్తే నీకెందుకు? రాసుకో."

"అమ్మా, ఊరుకో" అంది మా ఆవిడ. పిల్లని లోపలికెళ్ళి చదువుకోమని, పేజీలన్నీ పోగుచేసి అంచులు సరిచేసింది. అది ఆవిడకి అలవాటు. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. నలభై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, కరెంటు కత్తితో ఒక్క ఊపులో కోస్తుంది. గుండీలు కుట్టే విభాగం నుంచి ఆ బల్ల దాకా రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఆ బల్ల దగ్గర ఆడమనిషి ఆవిడ ఒక్కతే.

"నాది" అంది.

తొమ్మిదేళ్ళ క్రితం, నేను పిల్లల్ని మూడు రోజుల విహారయాత్రకి తీసుకెళ్ళినప్పుడు, వంటింట్లో పడిపోయిందట. మా అత్తయ్య చూసింది. నెల తిరక్కుండా ఇంకోసారి వచ్చింది. మందు మొదలుపెట్టాక మళ్ళీ ఒక్కసారీ రాలేదు. నాకు బలానికి అని చెప్పి రోజూ నా ఎదురుగానే వేసుకునే మాత్ర అదేనట. గుండీల డబ్బాలో ఉంటుంది. ఆ డబ్బా నేనే ఎన్నిసార్లు అందించానో.

"మొదటిసారి అలవాటు కొద్దీ మీ నంబరే చెప్పాను. తర్వాత అదే నయమనిపించింది. మా ఫ్యాక్టరీ వాళ్ళు ఏటా మా పేర్లు పంపి, వాటి మీద ఏమైనా ఉంటే ఆ ఆసుపత్రి నుంచే తెప్పించుకుంటారు. నా పేరు మీద ఈ ముక్క కనిపిస్తే ఆ కత్తి ముట్టుకోనిస్తారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "వాళ్ళ సంగతి సరే. నాకెందుకు చెప్పలేదు? తొమ్మిదేళ్ళు పక్కనే ఉన్నాను. ఊళ్ళో వాళ్ళందరికీ తెలిసిన రోజున నాకు తెలుస్తుందా? నేనెవర్ని నీకు?"

"చెబితే ఏం చేసేవారు? పొయ్యి దగ్గరికి పోకు, మేడ మెట్లెక్కకు, బల్ల అంచున కూర్చోకు అంటారు. స్పీడు బ్రేకరొస్తోందని మూడుసార్లు చెప్పే మనిషి మీరు. నన్ను బతకనిచ్చేవారా?"

అది నిజమే. నిజమే అయినందుకు ఇంకా కోపం వచ్చింది. కంచం తోసేసి వీధిలోకి వెళ్ళి, నడిచినంత దూరం నడిచాను. కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. తిరిగొచ్చేటప్పటికి ఒకటి మాత్రం ఖాయం చేసుకున్నాను. ఆవిడ బల్ల తీసి నా సీటు కింద పెట్టుకోను. నా చేతిలో మెకానిక్ పని ఉంది, లైసెన్సు పోతే ఏ షెడ్డులోనైనా స్పానర్లు పట్టుకుంటాను.

లాయరు ఏమందని మా ఆవిడ అడిగింది. "చూద్దాం అంది" అన్నాను. నా వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగలేదు. నాకు అబద్ధం రాదని ఆవిడకి తెలుసు.

జబ్బు ఎవరిదో వాళ్ళే సంతకం పెట్టాలన్న సంగతి మర్నాడే ఆసుపత్రిలో అడిగి కనుక్కుని, ఇక మా అత్తయ్య పట్టు వదల్లేదు. రోజూ పొద్దున్నే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "పద, నాదని సంతకం పెట్టేస్తాను. ఈ వయసులో నన్ను ఏ పనిలోంచి తీసేస్తారు?" అనేది. మనసులో నాకూ ఆశ పుట్టి సోమవారం కిటికీ పాపకి ఫోను చేశాను.

"అంకుల్, వద్దు. పన్నెండో పేజీలో డాక్టరు చేత్తో వయసు రాశాడు చూడండి, ముప్పై ఆరు. మీ అత్తయ్యగారికి అప్పుడెంత?"

"అరవై దాటాయి."

"దొంగ సంతకం ఒక్కటి బయటపడితే మీరు ఇక ఏ ఆఫీసులోనూ మొహం చూపించలేరు. తప్పు చేసింది వాళ్ళు, దొరికిపోయేది మనం."

గురువారం దాకా ఎవరెవరి కాళ్ళో పట్టుకున్నాను. ఆసుపత్రిలో ఫిర్యాదుల గదికెళితే రికార్డుల గదికి పొమ్మన్నారు, రికార్డుల గదికెళితే ఫిర్యాదుల గదికి పొమ్మన్నారు. ఒకరు మెయిలు పెట్టమన్నారు. మెయిలు పెడితే, మీ ఆరోగ్య సమాచార భద్రతకు అత్యంత ప్రాధాన్యం ఇస్తామని జవాబొచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది. గురువారం మధ్యాహ్నం ఆఖరి ప్రయత్నంగా ఆ గుమాస్తా దగ్గరికే వెళ్ళి, "ఎవరిదో చెప్పను, నాది కాదని మాత్రం రాయండి. మగవాడికి గర్భసంచి ఉండదన్న సంగతి మీకు తెలుసు కదా, అలాగే ఇదీ నాది కాదు" అని బతిమాలాను.

"గర్భసంచి తీసేస్తాం సార్. అది ఆటోమేటిక్కుగా తప్పని తెలుస్తుంది. మూర్ఛకి మాత్రం మనిషి కావాలి" అన్నాడు.

వెనక్కి తిరిగితే వరసలో మా ఆవిడ ఉంది. ఫ్యాక్టరీ కోటు కూడా విప్పలేదు. చేతిలో టోకెను, చంకలో గుండీల డబ్బా.

"నువ్వెందుకొచ్చావు? ఇంటికెళ్ళు" అన్నాను.

"మీరు ఆ పక్కన కూర్చోండి. వరసలో నిలబడేది నేనే కదా ఎప్పుడూ" అంది.

"బల్ల పోతుంది."

"మీ బస్సు పోతే నేను ఆ బల్ల దగ్గర సూటిగా కోయగలనా?"

నేనింకా ఏదో అంటుండగానే ఆవిడ వంతు వచ్చింది. గుమాస్తా తలెత్తకుండా "ఫైలు నంబరు?" అన్నాడు. "నాలుగు సున్నా ఏడు..." అని మొదలుపెట్టి ఆగింది. "నంబరు లేదు. కొత్త ఫైలు. నా పేరు రాసుకోండి" అంది. డబ్బా తెరిచి మాత్రలు, పాత చీటీలు కౌంటరు మీద పెట్టి, సంతకం ఎక్కడో అడిగి పెట్టింది. గుమాస్తా పక్క కుర్చీ వాడితో, వరస మొత్తానికి వినిపించేలా, "ఆ మూర్ఛ ఈవిడదట, మార్చెయ్" అన్నాడు. ఆ మనిషి చొక్కా పట్టుకోకుండా ఎలా ఆగానో నాకే తెలియదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, అందుకు ఆగాను.

శుక్రవారం కమిటీకి రెండు కాగితాలు ఇచ్చాను. ఒకటి నరాల డాక్టరు సంతకం పెట్టింది. రెండోది ఆసుపత్రి రాసింది, సదరు నమోదు ఈ వ్యక్తికి చెందినది కాదని. ఎవరిదో అందులో రాయకుండా కిటికీ పాప ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడి ఖాయం చేసింది. కమిటీలో ఒక తండ్రి, "మరి ఎవరిదండీ అది?" అని అడిగాడు. అడగడంలో దురుద్దేశం లేదు, ఊరికే తెలుసుకుందామని.

"అది అడిగే హక్కు మీకు లేదండీ. మాటకొస్తే నాకూ లేదు" అన్నాను. గడియారం వాచీ చూసుకుని తాళం నా ముందుకు జరిపాడు.

సోమవారం బస్సెక్కి చూస్తే నా సీటు ముందుకు లాగేసి, అద్దం ఇంకెటో తిప్పేసి ఉంది. సరిచేసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. అదే వారం మా ఆవిడ, కాగితాలు వాళ్ళకి చేరకముందే, ఫ్యాక్టరీ వాళ్ళకి తనే చెప్పింది. కత్తి బల్ల దగ్గర్నుంచి తీసి గుండీల విభాగంలో వేశారు. తొమ్మిదేళ్ళుగా ఏమీ రాలేదని డాక్టరు రాసిచ్చినా, ముందు జాగ్రత్త అన్నారు. ముందు జాగ్రత్త అన్న మాట నేను జీవితంలో కొన్ని వేలసార్లు వాడి ఉంటాను. ఆ రోజు నుంచి నోటికి రావడం లేదు.

"ఇప్పుడు ఫిర్యాదు రెండవుతుంది" అంది కిటికీ పాప. "మీది, తప్పుడు సమాచారం మీ పేరున బయటపెట్టినందుకు. ఆంటీది, ఆవిడ సంగతి ఆవిడ చేతే చెప్పించినందుకు. ఫ్యాక్టరీ మీద వేరే అడుగుదాం. ఇప్పుడు ఆంటీకి ఫైలుంది, పేరుంది. నష్టపోయిన వాళ్ళు లేరని ఎవడూ అనలేడు."

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద సమాచార రక్షణ ఆఫీసు ఫారాలు రెండూ పెట్టుకుని కూర్చున్నాం. ఆరు పేజీల ఫారంలో ఐదున్నర పేజీలు వాళ్ళకి కావలసినవి. మనకి జరిగింది చెప్పుకోవడానికి "నష్టం వివరాలు" అని రెండంటే రెండే గీతలు. నా రెండు గీతలూ తిట్లతో నిండిపోతే కిటికీ పాప కొత్త ఫారం పంపించింది. అందులో పన్నెండు రోజులు, బస్సు, పరువు అని బుద్ధిగా రాశాను.

గీత గీసుకోకుండా నలభై పొరలు కోసే మనిషి ఆ రెండు గీతల ముందు గంటసేపు కూర్చుంది. ఏం రాయమంటావని నన్ను అడగలేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. చివరికి రాసి, నా వైపు తోసి, లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి గీత మీద "నా కటింగ్ బల్ల" అని ఉంది. రెండో గీత మీద అక్షరాలు చిన్నవి చేసి ఇరికించింది. "స్టీరింగు ముందు కూర్చునే మనిషి ఈ దిగులు పెట్టుకోకూడదని చెప్పలేదు. ఆయన బస్సు దిగి రిటైరైన రోజున నేనే చెప్పాలనుకున్నాను."

నేను ఇంకా ఆరేళ్ళు నడపాలి. ఆవిడ ఇంకా ఆరేళ్ళు దాచుకోవడానికి సిద్ధపడి ఉంది. నాకు ఏడుపొచ్చింది. వచ్చినందుకు మళ్ళీ ఆసుపత్రి వాళ్ళ మీద కోపమొచ్చింది. నాకు ఒక్కడికి, ఎప్పుడో ఆరేళ్ళ తర్వాత, మా వంటింట్లో చెప్పాలనుకున్న మాట అది.

కిటికీ పాప ఆ ఫారం రెండుసార్లు చదివింది. రెండో గీతలో ఉన్నది ఏ సెక్షను కిందకొస్తుందో తెలియడం లేదంది.

"వెతుకమ్మా. దొరక్కపోతే దేని కిందా రాదని వాళ్ళ చేతే రాయించు. ఆ మాట మాత్రం కొట్టెయ్యకు" అన్నాను.